ఉపాయం మీద పట్టా

ఇప్పలమెట్ట అడవిలో ఒళ్ళు వంచని జీవి ఒక్కడే ఉండేవాడు. పేరు అవతారం, జాతి నక్క. వేటంటే నడుం నొప్పి, గూడు కట్టుకోవడమంటే నామోషీ. కానీ నోరు విప్పాడంటే ఎదుటివాడి చేతిలో ముద్ద ఎదుటివాడే తెచ్చి ఇతని నోట్లో పెట్టాలి. అలాంటివాళ్ళు ప్రతి అడవిలోనూ ఒకరుంటారు. లేకపోతే మిగతావాళ్ళకి కష్టపడటం విసుగనిపించదు కదా.

అదే అడవిలో ఉడుత గవరమ్మకి ఓ కొట్టుండేది. కొట్టంటే తలుపులూ తాళాలూ ఉన్నది కాదు. ఒక నేరేడు చెట్టు, దాని ముందు చదునైన రాయి, అంతే. వేసవిలో అడవి నిండా తిండి. సారపప్పు, పనసగింజలు, జీడిగింజలు, వెదురు బియ్యం, ఏది కావాలంటే అది. ఆషాఢంలో ముసురు పట్టిందా, చిట్టెలుక దగ్గర్నుంచి ఎలుగుబంటి దాకా అందరికీ పస్తే. అందుకని వేసవిలో ఎవరి గింజలు వాళ్ళు తెచ్చి గవరమ్మకి అప్పజెప్పేవారు. ఆమె వాటిని మెట్ట మీద తడి తగలని చోటు చూసి పాతిపెట్టి, పక్కన ఒక గుర్తు పెట్టేది. ముంగిస వాళ్ళవైతే చెట్టు మొదట్లో రెండు పంటిగాట్లు. కుందేలు ముసలమ్మవైతే బోర్లించిన గులకరాయి. నెమలి వాళ్ళవైతే గాట్లు పెట్టి చుట్టూ గుండ్రంగా గీత కూడా గీయాలి, ఆ ఇంటి డాబే వేరు. ముసురులో వచ్చి అడిగినవాళ్ళకి వాళ్ళది తవ్వి చేతిలో పెట్టేది. పనసగింజలు పెట్టినవాళ్ళకి పనసగింజలే వచ్చేవి, పుచ్చు లేకుండా వచ్చేవి. ఆ నమ్మకం మీదే ఆమె బతుకూ, సగం అడవి బతుకూ నడిచేది.

ఇక అవతారం సంగతి. అడవికి దొర పెద్దపులి. ఎవరికి ఏ హక్కు కావాలన్నా దొర కచేరీలో గుమాస్తాగా ఉన్న గుడ్లగూబ చేత టేకాకు మీద గోటిముద్ర వేయించుకోవాలి. రాత్రిళ్ళు దొరగారికి వేట కాబట్టి కచేరీ పగలే. పగలు గుడ్లగూబకి కళ్ళు కనపడవు. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు, ఒక్క దొరగారికి తప్ప.

ఒక మిట్టమధ్యాహ్నం అవతారం ఓ టేకాకు పట్టుకుని గుడ్లగూబ కొమ్మ కింద నిలబడ్డాడు.

"ఏంటది?" అంది గుడ్లగూబ, ఎటో చూస్తూ.

"పట్టా అండీ. ఉపాయం మీద."

"కొత్త ఉపాయమేనా? పాతవాటికి ఇవ్వకూడదు."

"తమరెక్కడైనా చూసేరాండీ దీన్ని?"

గుడ్లగూబ కళ్ళు చికిలించింది. ఎదురుగా ఉన్న చెట్టే కనపడలేదు, ఉపాయమెక్కడ కనపడుతుంది? "లేదు, చూళ్ళేదు" అంది.

"మరి కొత్తదే కదండీ!"

ముద్ర పడిపోయింది. ఆ ఆకు మీద ఉన్నది ఇది: 'వస్తువుకి గానీ, చోటుకి గానీ గుర్తు పెట్టి, ఆ గుర్తు పట్టుకుని తిరిగి అక్కడికి చేరే ఉపాయం అవతారం సొత్తు. అతడి సెలవు లేనిదే ఎవరూ వాడరాదు.'

జ్యేష్ఠం వెళ్ళిపోతుండగా, గవరమ్మ కొట్టు ముందుకి అవతారం పుల్ల నములుకుంటూ వచ్చాడు.

"ఏం గవరమ్మక్కా! కొట్టు కళకళలాడిపోతోందే!"

"రా అవతారం. ఏవన్నా పాతిపెట్టాలా ఏంటి? నీ చేతిలో ఎప్పుడూ ఏమీ చూళ్ళేదే!"

"పెట్టడానికి కాదక్కా, పట్టుకెళ్ళడానికొచ్చేను" అని టేకాకు విప్పాడు.

గవరమ్మ చదివింది. ఆకు తిప్పి వెనక చూసింది. వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందు చదివింది.

"భూమి మీద పట్టా విన్నాను, చెట్టు మీద పట్టా విన్నాను. ఉపాయం మీద పట్టా ఏంటయ్యా?"

"నువ్వు గుర్తు పెడతన్నావా లేదా? ఆ గుర్తు చూసి తవ్వుతున్నావా లేదా? ఆ చేసే తీరుంది చూశావూ, అది నాది."

"మా అమ్మమ్మ కాలం నించీ ఇదే పని చేస్తన్నాం నాయనా!"

"మీ అమ్మమ్మకి పట్టా ఉందా?"

"మా అమ్మమ్మకి పళ్ళున్నాయి. వాటితోనే గాట్లు పెట్టేది."

"పళ్ళు అందరికీ ఉంటాయక్కా. పట్టా నాకొక్కడికే ఉంది" అని అవతారం రాయి మీద తీరిగ్గా కూర్చున్నాడు. "చూడు, నేనేమీ కసాయివాణ్ణి కాదు. పాతినదాంట్లో సగం నాకు ఇచ్చెయ్, హాయిగా వ్యాపారం చేసుకో. ఇవ్వనంటావా, ముసురు పట్టే లోపల మెట్ట మీద నీ గుర్తులన్నీ చెరిపెయ్. రెండూ కుదరవంటావా, దొరగారి కచేరీకి రా."

"ఆ గింజలు నావి కావయ్యా! ముంగిస పిల్లలవి. కుందేలు ముసలమ్మవి. వాళ్ళ తిండి నేనెలా ఇస్తాను?"

"ఎవరిదైనా సగం సగమే కదా."

"ఇవ్వను."

అవతారం నవ్వాడు. "ఉడుత ఊపులకి చెట్లు కదుల్తాయా అక్కా? పందికొక్కు అప్పన్న ఇచ్చేడు. ఎద్దు నందయ్య ఇచ్చేడు. గిజిగాడి గూళ్ళన్నీ ఒకలాగే ఉంటాయి కదా, తన గూడు పోల్చుకోడానికి గడ్డిపోచ వేలాడదీసుకున్నాడు. వాడూ ఇచ్చేడు. నువ్వేమన్నా పైనించి దిగొచ్చావా?"

అతను వెళ్ళిపోయాక గవరమ్మ మెట్ట వైపు చూసింది. గుర్తులు చెరిపేస్తే అదంతా ఒకటే ఎర్రమట్టి. ఎవరివి ఎక్కడున్నాయో ఆమెకే తెలియదు. ముసురులో కుందేలు ముసలమ్మ చెవులు వేలాడేసుకుని వచ్చి "నా గింజలమ్మా" అని అడిగితే ఏం చెప్పాలి? సగం నక్కకిచ్చాననా, మొత్తం మట్టిలో కలిపేశాననా? ఆమెకి మొదట కోపం వచ్చింది. కోపం దిగగానే ఏడుపొచ్చింది. ఏడుపు ఆగాక మళ్ళీ కోపమే వచ్చింది, అప్పుడు లేచి పందికొక్కు అప్పన్న దగ్గరికి వెళ్ళింది.

అప్పన్న బొరియలు తవ్వి అద్దెకిచ్చేవాడు. గవరమ్మ వెళ్ళేసరికి బొరియ ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకిచ్చావు అప్పన్నా వాడికి?"

"ఏం చెయ్యమంటావమ్మా? బొరియ ముందు మట్టికుప్ప ఉందా? అది గుర్తంట. ఆ కుప్ప చూసి నేను ఇంటికి చేరుతున్నానంట. నా ఇంటికి నేను పోడానికి వాడికి పెసలు కొలుస్తున్నాను!"

"కచేరీకి పోయి అడగొచ్చు కదా?"

"కచేరీలో కూచునేది ఎవరు తల్లీ? పెద్దపులి! కిందటేడు ఒక దుప్పి మేత తగాదా పెట్టుకుని వెళ్ళింది. గెలిచింది కూడా."

"గెలిచిందా! మరింకేం?"

"తీర్పయితే వచ్చింది. దుప్పే తిరిగి రాలేదు."

అవతారం తెలివంతా ఇక్కడే ఉంది. అతనికి కచేరీతో పనే లేదు. కచేరీ పేరు చెబితే చాలు. వెళ్ళి గెలవడం కన్నా ఇంట్లో కూర్చుని ఇచ్చెయ్యడం చవక అనిపించేటంత అడిగేవాడు, అంతకు మించి అడిగేవాడు కాదు. అందరూ తిట్టుకుంటూ ఇచ్చేవారు. సొమ్మొకరిది, సోకొకరిది. కాకపోతే గవరమ్మ దగ్గర అన్ని గింజలు చూసేసరికి ఆశ పెరిగి సగం అనేశాడు. అక్కడ లెక్క తప్పాడు. గుప్పెడు అడిగితే అడవి ఓర్చుకుంటుంది గానీ సగం కడుపు అడిగితే ఎవరోర్చుకుంటారు?

"నేను కచేరీకి పోతన్నాను" అంది గవరమ్మ.

అప్పన్న దణ్ణం పెట్టాడు, అప్పుడే పోయినవాళ్ళకి పెట్టినట్టు.

"నేనూ వస్తానమ్మా" అని వెనక నించి వినపడింది. ఎద్దు నందయ్య. ఒకప్పుడు అడవిలోంచి వెదుళ్ళ బండి లాగేవాడు. ముసలితనంలో వదిలేస్తే ఇక్కడే ఉండిపోయి, రేవు నించి మెట్టకి వాళ్ళవీ వీళ్ళవీ మూటలు మోస్తున్నాడు.

"నువ్వెందుకు నందయ్యా? నువ్వు కట్టేసేవు కదా."

"కట్టేను. కట్టిన కాణ్ణించీ నెమరు అరగట్లేదు. నా డెక్కల అచ్చులు చూసుకుని నేను తిరిగొస్తానంట, అది వాడి ఉపాయమంట. బతుకంతా ఎవడి బరువు మోయమన్నా మోసేను. నా అడుగు మీద నేను నడవడానికి కప్పం కట్టమంటే మాత్రం ఎక్కడో గుచ్చుకుంటోంది. ఎద్దు పుండు కాకికి నొప్పా?" నందయ్య తోకతో ఈగని తోలుకుని మళ్ళీ అన్నాడు. "ఇంకోటి కూడా ఉందమ్మా. దొరగారికి మధ్యలో ఆకలేస్తే నా వైపే చూస్తాడు. నువ్వు ఆయన పంటి సందుకి కూడా చాలవు. నా పని అయ్యేలోపల నువ్వు చెట్టెక్కి మిగతా వాదన చెప్పేసుకోవచ్చు."

వేళాకోళానికన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదు.  గవరమ్మ మాత్రం ఎక్కి అతని మూపురం మీద కూర్చుంది.

దారిలో వాగు దాటగానే నందయ్య ఠక్కున ఆగాడు. ముక్కుపుటాలు అదిరాయి. ఎదురుగా ఒక నల్లమద్ది చెట్టు. దాని బెరడు మీద నిలువునా లోతైన గోటిగీతలు. చుట్టూ ఘాటైన వాసన.

"ఇక్కణ్ణించి దొరగారి సొంత మేరమ్మా. ఆయన వస్తూ పోతూ ఇలా గీరి, వాసన చల్లి పోతుంటాడు. వాళ్ళ నాన్నగారూ ఇలాగే చేసేవాడంట."

"ఎందుకంట?"

"ఎందుకేంటి? మళ్ళీ వచ్చినప్పుడు చూసుకుని, ఇది నాదే అని ధైర్యంగా పోడానికి."

గవరమ్మ మూపురం దిగి చెట్టెక్కింది. గీతలు చూసింది. వాసన చూసి తుమ్మింది. కాసేపు తోక నిటారుగా పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి చెట్టు మీంచి జారి నందయ్య కొమ్ముల మధ్య పడింది.

"ఏంటమ్మా? భయంతో మతి గాని పోయిందా?"

"పోలేదు నందయ్యా, ఇప్పుడే వచ్చింది. గబగబా నడు!"

కచేరీ ఒక ముసలి నల్లమద్ది కింద. దొరగారు గీరి గీరి ఆ చెట్టుకి ఒక పక్క బెరడే లేదు. ఆయన దాని మొదట్లో పడుకుని మూతి నాక్కుంటున్నాడు. అప్పుడే భోజనం అయినట్టుంది. గవరమ్మకి అది మొదటి గెలుపు. పై కొమ్మ మీద గుడ్లగూబ కునుకుతోంది. కబురందుకుని అవతారం ముందే వచ్చి, దొరగారి పాదాల దగ్గర ఎండుటాకులు ఊడుస్తున్నాడు.

"ఏమిటి వ్యాజ్యం?" అన్నాడు పులి.

"మహాప్రభో, ఏలినవారి ముద్ర ఉన్న పట్టాని ఈ ఉడుత కాదంటోందండీ. దీన్ని కాదనడమంటే తమర్ని కాదనడమే కదండీ!" అన్నాడు అవతారం.

పులి గుర్రుమన్నాడు. గవరమ్మ తోక దానంతటదే కుచ్చులా లేచింది. నందయ్య ఒక అడుగు ముందుకు వేసి, తినడానికి వీలుగా నిలబడ్డాడు.

"ఆ ఉపాయం నీకెలా వచ్చింది?" అని నక్కనడిగాడు పులి.

"నిద్రలో తట్టిందండీ ప్రభో. ఈ మధ్యనే. అంతకు ముందు ఎవరికీ తట్టలేదండీ."

"ఏమంటావే ఉడుతా?"

గవరమ్మ చేతులు జోడించింది. "పట్టా లేదని నేననడం లేదండీ. దాని హద్దు ఎంతవరకో తెలియక వచ్చేనండీ. హద్దు తెలిస్తే చిన్నవాళ్ళం, హద్దులో ఉంటాం."

హద్దు అన్నమాట వింటే పులికి సంతోషం. "మంచి మాట. అడుగు. నువ్వు చెప్పరా."

"అవతారం, నేను పంటితో గాటు పెడతాను. వేరేవాళ్ళు రాయి పెడతారు. నీ పట్టా రాయికేనా, పంటికి కూడానా?"

"రాయైనా, పళ్ళయినా. గుర్తు గుర్తే."

"గోళ్ళు?"

"గోళ్ళకి మాత్రం ఎందుకు ఉండదు? గోళ్ళయినా అంతే!"

"నేను కంటితో చూసి పోల్చుకుంటాను. మా ముంగిస అలా కాదు, వాసన చూసి పోల్చుకుంటుంది. దాన్నైనా వదిలెయ్యి బాబూ, పిల్లలుగలది."

అవతారం ఆలోచించాడు. ముంగిసని వదిలితే రేపు ప్రతివాడూ 'నేనూ వాసనే' అంటాడు. "కన్నయినా ముక్కయినా ఒకటే. వదలడం కుదరదు."

"నేల మీద పెట్టిన గుర్తులకే కదా? చెట్టు మీద పెట్టినవి..."

"నేలా చెట్టూ కొండా గుట్టా, అన్నీ కలిపే!"

"గింజలు దాచుకోడానికి పెట్టినవి సరే. కొందరుంటారు, ఏమీ పాతిపెట్టరు. 'ఈ చోటు నాది' అని చెప్పుకోడానికి ఊరికే గుర్తు పెట్టి పోతుంటారు. పాపం వాళ్ళ జోలికి పోకు."

"వాళ్ళు అందరికన్నా ముందు కట్టాలి! ఆకలికి వాడుకున్నా అర్థం ఉంది. ఉత్త డాబు కోసం నా ఉపాయం వాడుకుంటారా?"

నందయ్య నెమరు వెయ్యడం ఆపేశాడు.

గవరమ్మ నిట్టూర్చింది. "ఏం చెప్పినా మాలాంటి చిన్నాచితకా వాళ్ళ మీదే కదయ్యా నీ ప్రతాపం. పెద్దవాళ్ళెవరైనా వాడితే అడగ్గలవా?"

అవతారం పొంగిపోయాడు. దొరగారి ఎదుట ధర్మం మాట్లాడే అవకాశం ఊరికే వస్తుందా? తోక నిలబెట్టి, గుండె విరుచుకుని ముందుకొచ్చాడు. "చిన్నా పెద్దా తేడా లేదు! ధర్మం అందరికీ ఒక్కటే! వాడినది ఏనుగైనా సరే, సగం నాకు కట్టాల్సిందే. లేదా గుర్తులన్నీ చెరిపి పోవాల్సిందే. ఏలినవారి ముద్ర మీద ఒట్టు!"

"భేష్!" అన్నాడు పులి. ధర్మం అన్నమాట కూడా ఆయనకిష్టమే, వేరేవాళ్ళ విషయంలో.

"హద్దు తెలిసిందండీ" అంది గవరమ్మ. "ఇంకొక్క అనుమానం తీర్చేస్తే పోతానండీ." అని ఒక్క గెంతులో చెట్టెక్కి, దొరగారి తలకి పైన బెరడు ఊడిన చోట నిలబడింది. "ఈ చెట్టు మీద ఎవరో గోళ్ళతో గీరేరండీ. వాసన కూడా చల్లేరు. వచ్చే దారిలో వాగు పక్కన కూడా చూసేను. ఏమీ పాతిపెట్టినట్టు లేదు, వచ్చినప్పుడల్లా 'ఇది నాది' అని చూసుకుని పోతున్నట్టుంది. ఎవరోనండీ, అడవిదాన్ని, నాకేం తెలుసు! వాళ్ళ దగ్గర కూడా అవతారం సగం పుచ్చుకుంటాడు కామోసు. సగం గింజలు కాదండీ, సగం అడవి."

అవతారం నిలబెట్టిన తోక మెల్లగా దిగింది.

పులి మెల్లగా తలెత్తి గీతలు చూశాడు. తల దించి తన గోళ్ళు చూసుకున్నాడు.

"అవి నావి" అన్నాడు.

"అయ్యబాబోయ్! తమవాండీ!" అని గవరమ్మ చెట్టు మీదే చెంపలేసుకుంది.

"అవతారం," అన్నాడు పులి, గొంతు పెంచకుండానే. "నేను నీకు సగం అడవి బాకీనా?"

అవతారానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఎంతమాట ప్రభో! తమరికి ఆ పట్టా వర్తించదండీ!"

"ఎందుకు వర్తించదు? ధర్మం అందరికీ ఒకటే అన్నావు. నేను భేష్ అని కూడా అన్నాను."

"అంటే... అంటే తమరివి పాత గీతలు కదండీ! మీ నాన్నగారి నాటి నించీ ఉన్నాయి. నా పట్టా మొన్నటిది. పట్టాకి ముందు నించీ ఉన్నవాటి మీద నాకేం హక్కుంటుందండీ!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు గానీ, కరుచుకున్న నాలుక అన్నమాటని వెనక్కి లాగలేదు.

"విన్నావా నందయ్యా?" చెట్టు మీంచి కేకేసింది గవరమ్మ. "ముందు నించీ ఉన్నవాటి మీద పట్టా చెల్లదంట! మా అమ్మమ్మ గాట్లు పెట్టిన చెట్లు మెట్ట మీద ఇంకా ఉన్నాయండీ ప్రభో, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అప్పన్న వాళ్ళ తాత తవ్విన బొరియ ముందు మట్టికుప్ప ఇప్పటికీ ఉందండీ."

నందయ్య గొంతు సవరించుకున్నాడు. "నా అచ్చులు మాత్రం నిన్నటివేనండీ. కానీ మా అమ్మ కూడా తన అచ్చులు చూసుకునే ఇంటికొచ్చేదండీ. వచ్చి నాకు పాలిచ్చేది."

పులి ఆలోచించాడు. పులుల ఆలోచన నెమ్మది, ఎందుకంటే ఎవరూ తొందరపెట్టరు. "అంటే మా నాన్న జన్మంతా చేసిన పనిని నువ్వు మొన్న నిద్రలో కనిపెట్టావన్నమాట."

"కాదండీ ప్రభో! నేను రాయించుకున్నది నక్కల గుర్తులకేనండీ!"

"ఏ నక్కల?"

"అంటే... నా గుర్తులకేనండీ."

"నీ గుర్తులకి నీకు నువ్వే బాకీ. బాగుంది. అంతవరకూ ఉంచుకో." పులి పైకి చూశాడు. "గుమాస్తా! ముద్ర వేసే ముందు ఇది చదివావా?"

గుడ్లగూబ ఉలిక్కిపడి లేచింది. "పగలు కదండీ."

"పగలైతే?"

"పగలు నాకు కళ్ళు కనపడవండీ."

"ఎప్పట్నించీ?"

"పుట్టినప్పట్నించీనండీ."

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు దొర. అందరూ ఆకాశం వైపు చూశారు. మబ్బులు పడుతున్నాయి.

పులి పంజా చాపి టేకాకుని పరపరా చీల్చేశాడు. "అవతారం, ఎవరి దగ్గర ఏం తీసుకున్నావో అది వాళ్ళకి అప్పజెప్పు. ముసురు పట్టేలోపల. అప్పజెప్పకపోతే..." అని ఆగిపోయాడు. మాట పూర్తి చెయ్యాల్సిన అవసరం పులులకి రాదు.

మర్నాడు ఇప్పలమెట్ట మీద అడవంతా చేరింది. గవరమ్మా నందయ్యా ప్రాణాలతో తిరిగొచ్చారంటే ముందెవరూ నమ్మలేదు. అప్పన్న అయితే గిల్లి చూశాడు. మెట్ట పైన మబ్బు నల్లగా దిగింది.

"తియ్యి మరి, ఎక్కడ దాచావు?" అన్నాడు అప్పన్న.

"ఇక్కడే మెట్ట మీద పాతిపెట్టేనర్రా" అని అవతారం ఒక తుప్ప పక్కన తవ్వాడు. ఎర్రమట్టి. ఇంకో తుప్ప పక్కన తవ్వాడు. ఎర్రమట్టి. ఓ బండ వెనక తవ్వితే తేలు వచ్చింది. దూరంగా ఒక ఉరుము ఉరిమింది, అవతారం చెవులు వెనక్కి పోయాయి.

"గుర్తేం పెట్టావు?" అంది గవరమ్మ.

అవతారం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"చెప్పవయ్యా! గుర్తు పెట్టలేదా?"

"ఆ ఉపాయం నాదే కదా," అన్నాడు అవతారం నేల చూస్తూ, "నాకెందుకులే గుర్తు అనుకున్నాను."

మెట్టంతా పగలబడి నవ్వింది. నందయ్య నవ్వితే అతని మెడ గంట ఎంతసేపటికీ ఆగలేదు. అవతారం వచ్చి గవరమ్మ కాళ్ళ మీద పడ్డాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. "అక్కా! తల్లీ! వాన పడితే దొర నన్ను ఒలిచేస్తాడు. నువ్వే వెతికి పెట్టాలి!"

వెతకనని అనాలనిపించింది ఆమెకి. గట్టిగా అనిపించింది. కానీ పాతిపెట్టినవి అప్పన్న పెసలు, నందయ్య ఉలవలు. "నీ కోసం కాదు, వాళ్ళ కోసం వెతుకుతాను. నువ్వు తవ్విన గుంట ఎక్కడున్నా నీ కంపు కొడుతూనే ఉంటుంది. చూపించేది నేను, తవ్వేది నువ్వు" అంది.

తవ్వాడు. బతుకులో ఎన్నడూ లేనట్టు తవ్వాడు, గోళ్ళు అరిగేదాకా. ఒక్కో గుంటా ఖాళీ అవగానే గవరమ్మ పక్క చెట్టెక్కి పంటితో ఒక గాటు పెట్టి దిగేది.

"ఇంకా ఎందుకక్కా గుర్తు?" అన్నాడు అవతారం ఒగురుస్తూ. "అంతా తీసేశాం కదా. ఇక్కడ ఇంకేం లేదు."

"అదే రాస్తున్నాను. ఇక్కడ నీదేమీ లేదని" అంది గవరమ్మ.

నీతి: అంతా నాదే అనేవాడికి తనది ఎక్కడుందో తెలియదు.